చచ్చిన రెండేళ్ళకు పెళ్ళి చేసుకున్న సైలస్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. 'ఆ రోజుల్లో' అంటే మరీ తాతలనాటి కాలం అనుకోకండి. ముఖాలకు మాస్కులు, లిఫ్టు మీట నొక్కడానికి అగ్గిపుల్ల, ఎవరు దగ్గినా పదిమంది తల తిప్పి చూడటం, ఆ కాలం. నాలుగైదేళ్ళే అయింది. అయినా ఇరవై నాలుగేళ్ళ వయసులో ఉన్న నన్ను ఇప్పుడు తలచుకుంటే ఎవరో దూరపు బంధువుల కుర్రాణ్ణి చూస్తున్నట్టు ఉంటుంది. కాస్త జాలి, కాస్త సిగ్గు, వాడి మాస్కు ఎవరైనా ఇంకొంచెం గట్టిగా బిగిస్తే బాగుండునన్న కోరిక.

నేను పుట్టి పెరిగింది కృష్ణా జిల్లాలో, హేతువాదం అన్నంతోపాటే వడ్డించే ఇంట్లో. మా అమ్మానాన్నలది దండల పెళ్ళి. పంతులు లేడు, ముహూర్తం లేదు, కావాలని రాహుకాలం చూసుకుని మరీ రిజిస్ట్రారు ముందు సంతకాలు చేశారు. (ఆ సమయానికి కరెంటు పోయిందనీ, అది రాహుకాలం పనేననీ మా మేనత్త ఇప్పటికీ అంటుంది. ఆ పూట ఊరంతటికీ పోయిందని నాన్న ఇప్పటికీ జవాబు చెబుతాడు.) పన్నెండో ఏట మా హేతువాద సంఘం సభలో నిప్పుల మీద నడిచాను. పద్నాలుగో ఏట ఒక జ్యోతిష్కుణ్ణి వేదిక మీద మూడు ప్రశ్నలతో నీళ్ళు తాగించాను. అమ్మ పప్పులో ఉప్పు వేశానన్నా "ఆధారమేది?" అనేవాణ్ణి. అలాంటివాణ్ణి ఉద్యోగానికని దుబాయ్ వచ్చి (ఉన్నది అజ్మాన్‌లో, పనిచేసేది షార్జాలో, ఇంటివాళ్ళకు రెండూ దుబాయే) ఒక ఫ్లాటులో చేరితే, నా గదిలో రెండో మంచం జాతకాల అన్నయ్యది అయింది.

జాతకాల అన్నయ్యది రాజమండ్రి వైపు. పగలు ఒక రవాణా కంపెనీలో గుమాస్తా, సాయంత్రం వాట్సాప్‌లో దైవజ్ఞుడు. ఇక్కడి కుర్రాళ్ళ పెళ్ళి ముహూర్తాల నుంచి విమానం టిక్కెట్టు ఏ వారం కొనాలో దాకా అన్నీ చెప్పేవాడు. నేను ఆయనతో వాదించని రోజు లేదు. ఆయన నాతో వాదించిన రోజూ లేదు. "ఆయ్, అలాగే తమ్ముడూ, గ్రహాలు లేవు. చారు చల్లారిపోతోంది, తిను," అనేవాడు. నాకు కోవిడ్ వచ్చి పడుకున్న పది రోజులూ ఆ మిరియాల చారే నన్ను నిలబెట్టింది. (అందులో పని చేసింది మిరియమే గాని మంత్రం కాదని మంచంలో ఉండగానే చెప్పాను. "మరే," అని ఇంకో గరిటె పోశాడు.)

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, ఆఫీసులకూ హోటళ్ళకూ లోపలి చెక్కపని చేసే కంపెనీలో నాది డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం. పేరు గంభీరంగా ఉంది గాని, పని కాగితాల కాపలా. డ్రాయింగు వస్తే నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించాలి. దాని బదులు కొత్తది వస్తే పాతదాని మీద ఎర్రగా 'రద్దు' ముద్ర కొట్టాలి. నా ఆరు నెలల ప్రొబేషన్ ఆ జూన్ నెలాఖరుతో తీరుతుంది. సంతకం పెట్టి ఉంచుకునేదీ, పెట్టకుండా విమానం ఎక్కించేదీ మా ముదీర్ చేతిలో ఉంది. ముదీర్ అంటే అక్కడ మేనేజరు. మావాడు అమెరికావాడు. జూన్ ఎండలో కూడా మోకాలి దాకా తోలు బూట్లు వేసుకుని తిరిగేవాడు. మాటలు తక్కువ. ప్రాజెక్టులన్నీ ఆగిపోయి ఆఫీసులో కుర్చీలు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్న రోజులవి. ఆయన నన్ను గదిలోకి పిలిస్తే నా కుర్చీ వంతు వచ్చిందనే అనుకున్నాను.

"నువ్వు ఏదీ నమ్మవట కదా?" అన్నాడు. (ఇంగ్లీషులోనే అన్నాడు. నా జ్ఞాపకంలో మాత్రం అందరూ తెలుగే మాట్లాడతారు.)

"ఆధారం ఉంటే నమ్ముతాను సార్."

"మంచిది. నాకు అలాంటివాడే కావాలి," అని ఒక అట్టపెట్టె నా ముందుకు తోశాడు.

సంగతి ఇది. ముదీర్‌గారి తల్లికి ఎనభై ఆరేళ్ళు. అమెరికా నడుమన, గడ్డి మైదానాల్లో ఒక చిన్న ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. ఎడ్లబండ్ల మీద వచ్చి ఆ ఊరికి మొదట నాగలి పట్టినవాళ్ళ పేర్లు చెక్కి ఒక రాయి నిలబెడుతున్నారు. తన ముత్తాత సైలస్ వాళ్ళలో ఒకడని ఆవిడ చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చింది. అయితే ఊరి కమిటీకి వినికిడి చాలదు, కాగితాలు కావాలి. గడువు నెలాఖరు. "మా అమ్మ ఇంతవరకు నన్ను ఏమీ అడగలేదు. ఇది అడిగింది. నీ ప్రొబేషన్ కాగితం, ఈ పెట్టె, రెండూ ఒకే రోజు నా బల్ల మీద ఉండాలి," అన్నాడు ముదీర్. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ ఎవర్నీ బెదిరించి ఉండరు.

ఇక్కడ నా ఆత్మాభిమానం గురించి ఒక మాట చెప్పాలి. వంశాల గొప్పంటే నాకు ఒళ్ళు మంట. మన దేశంలో మనిషిని మనిషి దగ్గరకు రానివ్వకుండా ఆపిన గోడలన్నింటికీ పునాది ముగ్గు పోసింది ఈ వంశావళులే అని నేను సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఎవడి తాత ఎవడైతే ఏమిటి? ఇప్పుడూ నా అభిప్రాయం అదే. ఆ రోజు ముదీర్‌తో కూడా ఆ మాటే అనాలని నోరు తెరిచాను. నోట్లోంచి "ఎస్ సార్" వచ్చింది.

నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. సైలస్‌ను డ్రాయింగులాగే రిజిస్టరులో ఎక్కించాను. కాగితానికొక నంబరు, అనుమానానికొక రివిజన్. పెట్టెలో దొరికిన మొదటి కాగితం, నూట యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో సైలస్ సైన్యంలో పని పూర్తి చేసుకున్నాడని ఇచ్చిన పత్రం. వెనక వైపు అతని సంతకం. ఎంత చక్కని దస్తూరీ! తీగ పాకినట్టు ఉంది. ఆ దేశంలో పాత కాగితాలన్నీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు గనుక, అజ్మాన్‌లో కూర్చుని మిగతావి పట్టాను. తూర్పు రాష్ట్రంలో ఒక పల్లె, జనాభా లెక్కల్లో తల్లిదండ్రులతో సైలస్, వృత్తి బడిపంతులు. తర్వాత పడమటి మైదానాల్లో ప్రభుత్వ భూమికి పెట్టుకున్న అర్జీ. సైన్యంలో చేసినవాడికి పట్టా త్వరగా దక్కుతుందట, అందుకని ఆ పత్రం వివరాలు జతచేశాడు. ఆ మరుసటి ఏడు పెళ్ళి. ఆపైన తొమ్మిదిమంది పిల్లలు. ఒక చిన్న చిక్కు ఉంది. అర్జీ మీదా పెళ్ళి కాగితం మీదా సంతకం లేదు, ఇంటూ గుర్తు మాత్రం ఉంది. "యుద్ధంలో కుడిచెయ్యి దెబ్బతిని ఉంటుంది," అని రిజిస్టరులో రాసుకున్నాను. ఆధారం? నాకు అలా తోచింది, అంతే.

అసలు నన్ను పడగొట్టింది పెళ్ళి కాగితం. పాదిరీ లేడు! ప్రార్థన లేదు! ఊరి మేజిస్ట్రేటు ముందు, ఇద్దరు సాక్షులతో, ఒక గుర్తు పెట్టి లేచిపోయాడు. అది చదవగానే నా ఒళ్ళు పులకరించింది. ఎవరండీ పాదిరీ లేకుండా పెళ్ళి చేసుకునేది? మావాళ్ళే! అంత వెనకటి కాలంలో, మతం రాజ్యమేలుతున్న ఆ మైదానాల మధ్య, ఒక బడిపంతులు పురోహితుణ్ణి ధిక్కరించి ఆదర్శ వివాహం చేసుకున్నాడు! ఆ పూటే కూర్చుని 'గడ్డి మైదానాల్లో ఒక హేతువాది' అని ఆరు పేజీల వ్యాసం ఇంగ్లీషులో రాశాను. అందులో సైలస్ మూఢనమ్మకాలతో పోరాడాడు, పిల్లలకు ప్రశ్నించడం నేర్పాడు, ఒకచోట పొలం గట్టున నిలబడి నక్షత్రాలను చూస్తూ విశ్వం గురించి ఆలోచించాడు కూడా. (నక్షత్రాలకు కాగితం నంబరు వేయలేదు, ఆ మాత్రం నిజాయితీ ఉంది.) ముదీర్ చదివి తల్లికి పంపాడు. ఆవిడ ఇరుగుపొరుగులను పిలిచి చదివి వినిపించిందట. నేను మురిసిపోయి, సైలస్ పేరు చెక్కే ముందు అతని కాగితాలు కూడా అద్దాల ఫ్రేములో కట్టించి పంపుదామని సలహా ఇచ్చాను.

నెలాఖరుకు పది రోజులుందనగా ఒక ఈమెయిల్ వచ్చింది. తూర్పు పల్లెలో, అడిగినవాళ్ళకల్లా సమాధుల ఫొటోలు తీసి పంపే ఒక పెద్దావిడకు నేనే ముందు రాసి ఉన్నాను, సైలస్ తల్లిదండ్రుల సమాధులు ఉంటే చూడమని. ఆవిడ మూడు రాళ్ళ ఫొటో పంపింది. తండ్రి, తల్లి, నడుమ సైలస్. అదే పుట్టిన తేదీ. బడిపంతులు అని రాతి మీద చెక్కి ఉంది. సైన్యం నుంచి ఇంటికి వచ్చిన ఏడాదే జ్వరంతో పోయాడు. అంటే భూమికి అర్జీ పెట్టుకునే నాటికి అతను పోయి ఏడాది. పెళ్ళినాటికి రెండేళ్ళు. తొమ్మిదో బిడ్డ పుట్టేనాటికి అతని సమాధి మీద నాచు కూడా పట్టి ఉంటుంది.

నేను ఆ ఫొటోను ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో! చిన్నప్పటి నుంచీ దయ్యాలు లేవని ఊరూరా చెప్పినవాణ్ణి. చివరికి చచ్చినవాడు బండి కట్టుకుని పడమటికి పోయి, నూట అరవై ఎకరాలు దున్ని, తొమ్మిదిమందిని కన్నాడని ముదీర్‌కు రాతపూర్వకంగా నివేదించాల్సిన గతి పట్టింది. నా వెనక నిలబడి చారు గిన్నె తుడుస్తున్న జాతకాల అన్నయ్య కంప్యూటరు మీదకు వంగాడు.

"ఏంటి తమ్ముడూ, ఈయన పోయాడా?"

"పోలేదు. అంటే, పోయాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నాడు."

అన్నయ్య గిన్నె కింద పెట్టాడు. "ఏమన్నారూ?"

"ఎక్కడో పొరపాటు ఉంది అన్నయ్యా."

"పొరపాటేమీ లేదండీ హేతువాది గారూ. తీరని కోరిక ఉండిపోయి ఉంటుంది. పెళ్ళి కాకుండా పోయినవాడు కదా, కాబట్టే మళ్ళీ వచ్చి పెళ్ళి చేసుకున్నాడు. మా వైపు ఇలాంటివి బోలెడు. కాకపోతే తొమ్మిదిమంది పిల్లల దాకా వెళ్ళింది మాత్రం నేను వినలేదు," అని, ఆ శుక్రవారం భోజనాలప్పుడు ఫ్లాటులోని ఆరుగురి ముందూ పందెం ప్రకటించాడు. నెలాఖరు లోపల దయ్యం ప్రసక్తి లేకుండా నేను దీన్ని విప్పి చెబితే ఆయన నెల రోజులు జాతకాలు చూడడు. చెప్పలేకపోతే నా జాతకం గంటసేపు నోరెత్తకుండా విని, ఆయన కట్టే నల్లతాడు చేతికి కట్టించుకోవాలి. ఆరుగురూ తాడు వైపే చేతులెత్తారు.

పందెం సంగతి ఎలా ఉన్నా, నాకు ఉద్యోగం కావాలి. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న "ఏం, సంతకం పెట్టాడా?" అని అడగడం మొదలుపెట్టాడు. అప్పుడు ఏం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆధారం, ఆధారం అని పాలబుగ్గల వయసు నుంచీ అరిచిన నేను, నాకు గిట్టని మొదటి ఆధారం దొరకగానే దాన్ని ప్రింటు తీసి, రిజిస్టరులో నంబరు వేయకుండా, సైలస్ సమాధి మీద ఎర్రగా 'రద్దు' అని ముద్ర కొట్టి, సంచీ అడుగున పడేశాను. ఒకే తేదీన పుట్టిన ఇద్దరు సైలస్‌లు ఉండి ఉంటారని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ నేను ఎవరెవరిని వేదికల మీద ఎగతాళి చేశానో, వాళ్ళంతా ఆ పూట వచ్చి నా పక్కన కూర్చున్నారు.

మర్నాడు ఫ్రేము కొలతల కోసం కాగితాలు పట్టుకుని మా వర్క్‌షాపుకు వెళ్ళాను. అక్కడ వడ్రంగుల మేస్త్రీ ఒక పెద్దాయన ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి. ఇరవై ఏళ్ళకు పైగా దుబాయ్‌లోనే ఉన్నాడు. అందరూ మేస్త్రీ కాక (కాక అంటే బాబాయి) అనేవాళ్ళు, నేనూ అదే అనడం నేర్చుకున్నాను. ఇంగ్లీషు చదవలేడు, అరబ్బీ అంతకన్నా చదవలేడు. డ్రాయింగు మాత్రం తలకిందులుగా పెట్టినా చదివేవాడు. మధ్యాహ్నం అన్నం వేళ. రంపాలు ఆగిపోయి, చెక్కపొట్టు మీద అందరూ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. కాక చెయ్యి కడుక్కుని, బల్ల మీద పొట్టు ఊది, సైన్యం పత్రమూ భూమి అర్జీ పక్కపక్కన పరిచి టేపు పెట్టాడు. పెట్టినవాడు ఆగిపోయాడు.

"ఏంది బిడ్డా, ఇద్దరి కాయితాలు ఒక్క ఫ్రేములనే కట్టాల్నా?"

"ఇద్దరివి కాదు కాకా. ఒక్కడివే."

"ఒక్కడెట్లయితడు?" అని వేలితో సంతకం మీద కొట్టాడు. "గిక్కడ గింత మంచిగ రాసిండు. గిక్కడ ఇంటూమార్కు వెట్టిండు. రాయనొచ్చినోడు ఇంటూమార్కు ఎందుకు వెడ్తడు?"

"యుద్ధంలో చెయ్యి దెబ్బతిన్నది."

"నువ్వు చూసినవా?"

జీవితంలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను అందరినీ అడిగేవాణ్ణి. సంచీ అడుగు నుంచి సమాధి ఫొటో తీసి బల్ల మీద పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. కాక ఫొటో అటూ ఇటూ తిప్పి, ఎర్రముద్ర చూశాడు. ఆ ముద్ర ఆయనకు బాగా తెలుసు, ఎన్నో డ్రాయింగుల మీద చూశాడు.

"చావు గూడ రద్దయితదా బిడ్డా?" అన్నాడు. చుట్టూ అన్నం తింటున్నవాళ్ళు పొలమారేలా నవ్వారు.

నవ్వులు తగ్గాక కాక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇగ విను. గీ ముచ్చట నాకెర్కే. నేను తొలుత దుబాయ్‌కి వచ్చింది మా పెద్దబాపు కొడుకు పేరు మీద. ఆయనకు వీసా వచ్చినంక తాటిచెట్టు మీదికెల్లి వడి నడుము ఇరగ్గొట్టుకున్నడు. వీసా ఖరాబైతదని ఏజెంటు పాస్‌పోర్టుల ఫొటో మార్చి నన్ను ఎక్కిచ్చిండు. తప్పే. గని గప్పుడు గట్ల నడిచింది. ఎనిమిదేండ్లు ఆయన పేరు మీదనే బతికిన. మీ చిన్నమ్మ ఉత్తరం రాపిస్తే మీద ఆయన పేరుండేది, లోపల తిట్లు నాకుండేటియి."

ఫ్రేముకు గాజు కోస్తున్న ఒకాయన అందుకున్నాడు. "మల్ల ఆ తిట్లు ఎవ్వల లెక్కల రాసుకుంటివి మేస్త్రీ?"

"నువ్ గమ్మునుండు బే. తర్వాత సర్కారు క్షమాభిక్ష వెట్టినప్పుడు ఒప్పుకొని ఇంటికి వొయిన, మల్ల నా పేరు మీద నేను వచ్చిన. ఖలాస్." నా వైపు తిరిగి ఫొటో మీద వేలు పెట్టాడు. "ఈడు సచ్చిపోయిండు. ఈని కాయితం ఇంకోడు వట్టుకపోయిండు. ఎవ్వడు వట్టుకపోతడు? ఊరోడు కాదు. పక్క మంచపోడు. ఆ ఇంట్ల ఇంకెవ్వలున్నరో చూడు, పో."

నేను ఆ మధ్యాహ్నమంతా వర్క్‌షాపు ఆఫీసు కంప్యూటరు ముందే కూర్చున్నాను. నెల రోజులుగా నా దగ్గరే ఉన్న జనాభా లెక్కల కాగితాన్ని మళ్ళీ తెరిచాను. తండ్రి, తల్లి, సైలస్, అంతవరకే చదివి మూసేసిన కాగితం అది. మనకు కావలసిన వంశం అయిపోయాక ఇంకెవరిది చదువుతాం? కింద నాలుగో వరుస ఉంది. 'జాన్, పొలంలో పనివాడు, చదవడం రాయడం రాదు.' ఇంటిపేరు ఉండాల్సిన చోట నీళ్ళ మరక. ఆ తర్వాత జనాభా లెక్కల్లో ఆ పల్లెలో జాన్ లేడు. చుట్టుపక్కలా లేడు. వంశాలను తిట్టిపోసిన నేను కూడా పనివాడి వరుస దగ్గరకు వచ్చేసరికి కళ్ళు మూసుకున్నానన్నది ఆ మరక చూస్తుండగా అర్థమైంది. ముఖం కడుక్కుని వచ్చి ఫొటోకు నంబరు వేశాను. ముద్ర మాత్రం చెరగలేదు.

తిన్నగా ముదీర్ గదిలోకి వెళ్ళాను. సైలస్ ఫైలు మూడో రివిజన్, అంటే మూడోసారి దిద్దిన ప్రతి, బల్ల మీద పెట్టి చెప్పాను. సైలస్ మీ అమ్మగారి ముత్తాత కాదు. అతను పెళ్ళి కాకుండానే పోయాడు. అతని కాగితం పట్టుకుని వచ్చినవాడు బహుశా ఆ ఇంటి పనివాడు. ఇచ్చారో, ఎత్తుకొచ్చాడో తెలియదు. పనివాడే అన్నది కూడా నిరూపణ కాదు, అనుమానమే. నేను రాసిన ఆరు పేజీలూ తప్పు. సమాధి ఫొటో దొరికాక నాలుగు రోజులు దాచిపెట్టాను.

ముదీర్ ఫొటో చేతిలోకి తీసుకుని ఎర్రముద్ర చూశాడు. "అంటే మా అమ్మ పుట్టింటి పేరు మా అమ్మది కాదంటావు."

"పేరు ఆవిడదే సార్. మొదట పెట్టుకున్నవాడిదే కాదు."

"ఈ మాట నేను చెప్పను. నువ్వే చెప్పు," అని అప్పటికప్పుడు వీడియో కాల్ కలిపాడు. మనకు సాయంత్రం ఐదు, అక్కడ పొద్దున. చిన్న మనిషి, పెద్ద కళ్ళద్దాలు, చేతిలో కాఫీ కప్పు. నన్ను చూడగానే "ఓ, నక్షత్రాల అబ్బాయి!" అంది. ఆ పిలుపు విన్నాక మిగతాది చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. చెప్పాను. మధ్యలో ఆవిడ కప్పు కింద పెట్టింది. నేను పూర్తిచేశాను. కాల్ తెగిపోయిందేమోనని ముదీర్ తెర మీద వేలితో తట్టాడు.

"చెవుడు కాదన్నమాట," అంది చివరికి.

మాకు అర్థం కాలేదు.

"మా తాతయ్య చెప్పేవాడు, వాళ్ళ నాన్నకు చెవుడని. సైలస్, సైలస్ అని మూడుసార్లు పిలిస్తే గాని పలికేవాడు కాదట. వంట గదిలో జున్ను కోస్తే మాత్రం కొట్టం దగ్గర ఉన్నవాడికి వినిపించేదట. ఇదేం చెవుడని మా నాయనమ్మ ఎప్పుడూ ఆశ్చర్యపోయేది," అని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత నా వైపు వేలు చూపించింది. "అబ్బాయీ, నీ వ్యాసం మా వీధిలో అందరికీ చదివాను. ఇన్నాళ్ళలో ఇంత నవ్వించింది ఇంకేదీ లేదు. ఆ పెద్దాయన మబ్బు ఉరిమితే చాలు, మంచం కింద దూరేవాడట. పాదిరీని ధిక్కరించాడని రాశావు, పాదిరీ ఉన్న ఊరు బండి మీద నాలుగు రోజుల దూరం. వాళ్ళ పెద్దబిడ్డ ఎప్పుడు పుట్టాడో చూశావా?"

చూశాను. పెళ్ళయిన మూడు నెలలకు. 'తేదీ తప్పుగా పడి ఉంటుంది' అని నా రిజిస్టరులో రాసి ఉంది. ఆదర్శ వివాహం కాస్తా అత్యవసర వివాహమని అప్పుడు తేలింది.

"రాయి మీద ఏ పేరు పెట్టమంటావు అమ్మా?" అన్నాడు ముదీర్. ఆవిడ ఆలోచించింది. దున్నింది ఆయన, ఊరిని నిలబెట్టింది ఆయన, దానికి కాగితాలు ఉన్నాయి. కాబట్టి కమిటీ వాళ్ళను 'సైలస్ పేరుతో బతికిన మనిషి' అని చెక్కమంటాను, కుదరదంటే రాయి లేకపోయినా నాకు ఫరవాలేదు, అంది. కమిటీ వారం రోజులు తగువులాడుకుని ఒప్పుకుంది. ఈ సంగతి ఊళ్ళో పాకాక, అప్పటికే దరఖాస్తు చేసిన రెండు కుటుంబాలు చప్పుడు చేయకుండా తమ కాగితాలు వెనక్కి తీసుకున్నాయట.

జాతకాల అన్నయ్య పందెం ఓడిపోయానని ఒప్పుకుని నెల రోజులు జాతకాలు మానేశాడు. "అయినా తమ్ముడూ, మనిషి పోయాక కూడా పేరు లేచి తిరిగి, భూమి సంపాదించి, పిల్లల్ని కన్నది కదా. దయ్యమంటే ఇంకేంటంటావు?" అన్నాడు చారు పోస్తూ. నేను గిన్నె చాపి ఇంకో గరిటె పోయించుకున్నాను. మేస్త్రీ కాకకు చెవుడు ముచ్చట చెబితే బల్ల చరిచి నవ్వాడు. "నన్ను గూడ రెండేండ్లు చెవిటోడనే అన్నరు బిడ్డా! ఫోర్‌మన్ ఆయన పేరు వెట్టి ఒర్రంగ ఒర్రంగ, పక్కోడు పొడిస్తే పలికేది," అన్నాడు. ఇంతకూ నీ అసలు పేరేమిటి కాకా అని అడిగాను. అప్పటికి ఆరు నెలలుగా ఆయన చేసిన తలుపుల డ్రాయింగులకు నంబర్లు వేస్తున్నాను, ఒక్కసారి అడగలేదు. చెప్పాడు. మంచి పేరు.

నా ప్రొబేషన్ కాగితం నెలాఖరున చేతికి వచ్చింది. ఉద్యోగం ఉంది, కానీ ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. కారణం రాయాల్సిన గడిలో ముదీర్ మూడు ముక్కలు రాశాడు: 'కష్టపడతాడు. చివరికి నిజమే చెబుతాడు. త్వరగా నమ్మేస్తాడు.' ఒక హేతువాదికి కంపెనీ ముద్ర వేసి మరీ ఇచ్చిన యోగ్యతాపత్రం! నాన్న ఫోన్‌లో "ఏం రాశాడు?" అంటే "బాగానే రాశాడు" అని మాట మార్చాను.

ఇప్పటికీ నేను వాదిస్తూనే ఉంటాను, వంశాల గొప్ప వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాకపోతే మధ్యమధ్య "నాకు తెలియదు" అనడం కూడా వచ్చింది, అది అనుకున్నంత చేదుగా ఉండదు. ఆ ఆరు పేజీలు మాత్రం పారేయలేదు. అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను. ఊరి చివర ఒంటరిగా ఒక ఇల్లు, చుట్టూ తనలా ఆలోచించేవాడు ఒక్కడూ లేడు, ఎవరికీ తలవంచకుండా పొలం గట్టున నక్షత్రాలు చూస్తూ నిలబడ్డ ఒక బడిపంతులు. పాపం, అజ్మాన్‌లో ఆరుగురి మధ్య ఒంటరిగా ఉన్న ఆ కుర్రాడికి ఒక తోడు కావలసి వచ్చింది, అంత దూరం పోయి వెతుక్కున్నాడు. ఆ వ్యాసంలో సైలస్ గురించి రాసినవన్నీ తప్పులే. ఆ కుర్రాడి గురించి మాత్రం ఒక్క తప్పు లేదు.